బాలుర తప్పిదములు - పెద్దల బాధ్యత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చేసిన సేవను నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా వివరించినారు. నేను దానిని మరల చెప్పను. కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించుచు, "పిల్లల నడవడిని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని కోరినారు. శుభసమయమున తీయని మాటలు చెప్పుట మర్యాద. కాని జీవితమంతయు పిల్లల నడుమ గడిపినవానిగా, సభలలో ఎవరును ఎత్తుకొనని ఒక విషయమును ఎత్తుకొనుటకు మీ అనుమతిని వేడుచున్నాను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలు తమకంటె చిన్నవారియెడలను, తోటివారియెడలను చేయు లైంగిక అపచారములే ఆ విషయము. తల్లులును ఆడపడుచులును కూర్చుండియున్న సభలో ఇట్టి మాట ఏల అని కొందరికి తోచవచ్చును. వారు కూర్చుండియున్నారు గనుకనే చెప్పుచున్నాను. ఈ హాని పెక్కుసార్లు ఇండ్లలోనే జరుగును. దానిని మొదట కనిపెట్టవలసినవారు ఇంటివారే.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. నా వయస్సిప్పుడు ఎనుబదికి చేరువైనది. సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట నేనొక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేయుచుండినాను. తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెడివాడు. పదునాలుగేండ్లవాడు. చదువులో ముందువాడు, పెద్దలయెడల వినయము గలవాడు. పొరుగింటి ఏడేండ్ల పాపకు సాయంకాలములందు ఎక్కములు చెప్పుచుండెడివాడు. ఒకనాడు ఆ పాప తల్లి కన్నీళ్లతో నా యింటికి వచ్చి, ఆ బాలుడు తన బిడ్డపట్ల చేయరాని పని చేసినాడనియు, అది కొన్ని దినములుగా సాగుచున్నదనియు చెప్పినది. నేను బాలుని తండ్రిని పిలిపించినాను. ఆయన నా యెదుటనే కొడుకును బెల్టుతో కొట్టినాడు. పిమ్మట నా చేతులు పట్టుకొని, "మేష్టారూ, మీరే మా పరువు కాపాడాలి" అన్నాడు. పెద్దలు నలుగురు కూర్చుండినారు. మాట బయటకు పోరాదనియు, బాలుని మేనమామ ఊరికి పంపవలెననియు, పాప తల్లిదండ్రులు జరిగినది మరచిపోవలెననియు నిశ్చయించినారు. "ఆడపిల్ల బ్రతుకమ్మా, రేపు పెళ్లి కావాలి" అని ఆ తల్లికి నచ్చజెప్పినవాడను నేనే. బాలునికి టి.సి. వ్రాసి యిచ్చినవాడను నేనే. రెండు కుటుంబముల గౌరవమును కాపాడితినని ఆ రాత్రి సుఖముగా నిద్రించినాను.

రెండేండ్లు తిరుగకముందే మేనమామ ఊరినుండి వార్త వచ్చినది. ఆ యింటిలోనే మరియొక పసిబిడ్డకు అదే హాని జరిగినది. మేనమామకు మేమెవరమును అసలు సంగతి చెప్పలేదు. "అబ్బాయికి ఇక్కడ స్నేహాలు బాగాలేవు" అని మాత్రమే చెప్పి పంపినాము. మరి కొన్నేండ్లకు మొదటి పాప తల్లి నాకొక బస్‌స్టాండులో కనబడినది. నేను కుశలమడిగితిని. ఆమె కొంత సేపు నేల చూచి, "అందరూ పరువు గురించే మాట్లాడారు మేష్టారూ. తప్పు నీది కాదమ్మా అని నా బిడ్డతో ఒక్కరూ అనలేదు. అది తనదే తప్పనుకుని బడి మానేసింది" అన్నది. రెండవ బిడ్డకు జరిగిన హానిలో నా వంతున్నది. మొదటి బిడ్డ మౌనములోను నా వంతున్నది. ఈ భారముతోనే ఈనాడు మీ యెదుట నిలిచియున్నాను.

ఆ తరువాత ఈ విషయమును గూర్చి దొరికినంత చదివినాను. నేను తెలిసికొన్న మొదటి సంగతి యిది: ఇట్టి పని పరాయి ఊరి దుర్మార్గుడు మాత్రమే చేయునను మన నమ్మకము సరియైనది కాదు. 2007లో భారత ప్రభుత్వపు మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి ఒక నివేదికను ప్రకటించినది. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును ఒకటి. ఏదో యొక రూపమున లైంగిక బాధకు గురియైతిమని చెప్పిన పిల్లలు నూటికి 53 మంది. బాధించినవారిలో సగముమంది ఆ పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్థులు. 2009లో అమెరికా న్యాయశాఖవారు ప్రకటించిన పరిశీలనలో, పిల్లలపై ఇట్టి నేరము చేసినట్లు పోలీసుల దృష్టికి వచ్చినవారిలో నూటికి 35 మందికి పైగా తామే పదునెనిమిదేండ్లు నిండనివారని తేలినది. చిన్న పిల్లలయెడల ఇట్టి పని చేయువారి సంఖ్య 12 మొదలు 14 సంవత్సరముల వయస్సులో మిక్కుటముగా నుండునని ఆ పరిశీలన చెప్పుచున్నది. అది వారి దేశపు లెక్క. మన లెక్క అచ్చముగా అదియే యని నేననను. కాని మీసము మొలవని పిల్లవాడు చేయునా యని మనము అనుకొనుటకు వీలులేదని మాత్రము దానివలన తెలియుచున్నది. బాధితులలో మగపిల్లలును ఉందురు. తప్పు చేసినవారిలో కొద్దిమంది బాలికలును ఉందురు.

రెండవ సంగతి మొదటిదానికంటె ముఖ్యమైనది. ఒకసారి ఇట్టి తప్పు చేసిన పిల్లవాడు జీవితమంతయు అదే చేయునని లోకము తలచును. 2016లో కాల్డ్‌వెల్ అను పరిశోధకుడు 106 అధ్యయనములను, 33,783 మంది బాలుర వృత్తాంతములను ఒకచోట చేర్చి పరిశీలించినాడు. సుమారు ఐదు సంవత్సరముల కాలములో మరల ఇట్టి నేరమునకే పట్టుబడినవారు సగటున నూటికి ఐదుగురికి లోపు. మరియొక పరిశీలనలో 5 మొదలు 12 ఏండ్లలోపు వయస్సుగల పిల్లలు, ఇట్టి అపసవ్యపు నడవడి గలవారు, 135 మందిని రెండు విధములుగా చికిత్స చేసి పదేండ్లు గమనించినారు. తల్లిదండ్రులను కూర్చుండబెట్టుకొని, హద్దులు స్పష్టముగా నేర్పి, 12 వారములు శిక్షణ ఇచ్చిన జట్టులో తరువాత ఇట్టి నేరము చేసినవారు నూటికి ఇద్దరు. కేవలము ఆటలద్వారా చికిత్స పొందిన జట్టులో నూటికి పదిమంది. 2006లో ప్రకటితమైన పరిశీలన యిది.

అట్లయిన నా విద్యార్థి ఏల మరల చేసినాడని మీరడుగవచ్చును. ఈ లెక్కలలోని పిల్లలు పెద్దల కంటబడినవారు, ఆపబడినవారు. నా విద్యార్థిని మేము ఆపలేదు. ఊరు మాత్రము మార్చినాము. కొట్టినాము గాని, అతడు చేసినదేమో, దానివలన ఆ బిడ్డకు కలిగిన బాధ యేమో అతనికి ఎవరును తెలియజెప్పలేదు. కొత్త ఊరిలో అతనిపై కన్నేసి యుంచువారు లేరు. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలన్నారు. వంచుట యనగా విరుచుట కాదు, దాచుటయు కాదు. దగ్గర నిలిచి, కట్టు కట్టి, దిద్దుట.

ఇక కారణముల మాట. ఒక్క కారణమని చెప్పుటకు వీలులేదు. కొందరు పిల్లలకు వయస్సు తెచ్చు కుతూహలమున్నది, చెప్పువారు లేరు, చిన్న పిల్లలను వారికి అప్పగించి పెద్దలు పొలమునకు పోయినారు. కంచె చేను మేసినట్లగును. కొందరు తామే చిన్ననాడు ఇట్టి బాధకు గురియైనవారు. కాని బాధ పొందిన పిల్లలలో అత్యధికులు ఎన్నడును ఇతరులను బాధింపరని మరువరాదు. ఆ ముద్ర వారిపై వేయుట మరియొక అన్యాయము. కొందరి ఇండ్లలో తండ్రి తల్లిని కొట్టును. బలమున్నవాడు బలహీనుని ఏమైన చేయవచ్చునను పాఠమును పిల్లవాడు అచ్చటనే నేర్చుకొనును. కొందరు స్నేహితులు లేని ఒంటరులు. తోటివారితో కలియలేక చిన్నవారిని చేరదీయుదురు. పదునారు పదునేడేండ్లవారిలో కొందరు గుంపుగా చేరినపుడు, ఒంటరిగా చేయ సాహసింపని పనిని ఒకరినొకరు రెచ్చగొట్టుకొని చేయుదురు. అచ్చట ఆడపిల్లయెడల చులకన భావమే పెట్టుబడి.

వీటికి తోడు నేడు సెల్‌ఫోను వచ్చినది. మా కాలమున అసభ్యపు పుస్తకము చూడవలెనన్న పట్టణమునకు పోవలెను, ఎవరైన చూచెదరేమోయని బెదరవలెను. ఇప్పుడు పదేండ్ల పిల్లవాని అరచేతిలో, దుప్పటి క్రింద, పెద్దలు కూడ చూడరాని బొమ్మలు కదలుచున్నవి. చూచిన ప్రతి పిల్లవాడును నేరము చేయునని నేననను. కాని స్త్రీ పురుష సంబంధమును గూర్చి ఇంటిలో ఒక్క మాట వినని పిల్లవానికి ఆ బొమ్మలే గురువులైనపుడు, బలవంతము సహజమనియు, వద్దన్న మాటకు విలువలేదనియు అతడు నేర్చుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

పసిపిల్లల సహజమైన కుతూహలమునకును అపచారమునకును గల భేదము తెలియవలెను. నాలుగైదేండ్ల పిల్లలిద్దరు ఒకరినొకరు చూచుకొని నవ్వుకొనుట, వద్దనగానే మానివేసి వేరొక ఆటకు పోవుట వయోధర్మము. దానికి కొట్టనక్కరలేదు, నేరస్థుడనుట అంతకంటె తగదు. అయితే వయస్సులోగాని బలములోగాని చాల తేడా ఉన్నపుడు, మిఠాయి ఆశ చూపినపుడు, బెదరించినపుడు, "అమ్మతో చెప్పకు" అని ఒట్టు పెట్టించుకొన్నపుడు, వారించినను మరల మరల చేసినపుడు అది ఆట కాదు. ఒట్టు పెట్టించుకొన్నాడనగా తాను చేయునది తప్పని అతనికి కొంతయైన తెలియును.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. తప్పు చేసిన బాలుని పెద్దలవలె శిక్షింపరాదను తలంపు మనకు కొత్తది కాదు. ఆంధ్ర ప్రాంతము మద్రాసు రాజధానిలో నుండిన కాలముననే, 1920లో, మద్రాసు బాలల చట్టము వచ్చినది. దేశములో అట్టి చట్టములలో అదియే మొదటిది. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరములో బస్సులో జరిగిన ఘోరమునందు నిందితులలో ఒకడు పదునెనిమిదేండ్లు నిండనివాడు. అతనికి ఆనాటి చట్టము ప్రకారము మూడేండ్ల నిర్బంధమే విధింపబడినందున దేశమంతట ఆగ్రహము చెలరేగినది. బాలుర వయఃపరిమితిని 16కు తగ్గించుటకు జస్టిస్ వర్మ కమిటీ 2013లో అంగీకరింపలేదు. అయినను 2015లో కొత్త బాలల న్యాయ చట్టము వచ్చినది. దాని ప్రకారము 16 నిండి 18 నిండనివాడు అతి ఘోరమైన నేరము చేసినట్లు ఆరోపణ వచ్చినపుడు, అతని మానసిక శారీరక స్థితిని, తెలివిని విచారించి, పెద్దవానివలె విచారణ జరుపవచ్చునా యని జువెనైల్ జస్టిస్ బోర్డు నిర్ణయించును. అప్పుడును మరణశిక్ష లేదు, విడుదలకు అవకాశములేని యావజ్జీవ శిక్షయు లేదు. తక్కినవారికి గరిష్ఠము మూడేండ్లు ప్రత్యేక గృహము. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటును, ఇద్దరు సంఘసేవకులును ఉందురు. వారిలో ఒకరు స్త్రీ కావలెను. బాలుని పోలీసు లాకప్పులోగాని, జైలులోగాని ఉంచరాదు. ఇరువదినాలుగు గంటలలో బోర్డు ఎదుట హాజరు పరుపవలెను. ఏడేండ్లలోపు పిల్లలు చేసినదేదియు చట్టదృష్టిలో నేరము కాదు.

బాధ పొందిన బిడ్డకొరకు 2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టము అమలులో నున్నది. అది ఆడపిల్లలకును మగపిల్లలకును సమానము. నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపకుండుట ఈ చట్టము క్రింద శిక్షార్హము, ఆరు నెలలవరకు జైలు. అనగా నేను ముప్పదేండ్ల క్రిందట చేసిన పనిని నేడెవరైన చేసినచో వారును నేరస్థులే. పెద్దమనుషుల రాజీకి ఇచ్చట చోటు లేదు. పోలీసులనగానే భయపడు తల్లులు ఈ మాటలు వినవలెను. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనే గాని, బిడ్డ కోరిన చోట గాని తీసికొనవలెను. వీలయినంతవరకు మహిళా అధికారియే రావలెను, యూనిఫారములో రారాదు. ఆడపిల్లను వైద్యపరీక్ష చేయువారు స్త్రీ వైద్యులే కావలెను. నమ్మకమైన వారొకరు ప్రక్కన నుండవచ్చును. బిడ్డ పేరును పత్రికలలో వేయుట నిషిద్ధము. తప్పు చేసిన బాలుని పేరును అట్లే.

ఇట్టి సంగతి ఇంటిలో బయటపడిన దినమున ఏమి చేయవలెను? మొదట బిడ్డ మాటను నమ్మవలెను. "ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు" అని అడుగరాదు. "చెప్పి మంచిపని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అను రెండు మాటలు ఆ బిడ్డకు మందుకంటె ఎక్కువ. గ్రుచ్చి గ్రుచ్చి పదిమంది అడుగరాదు. ఆ పిమ్మట ఆ బాలుని ఆ బిడ్డనుండి, ఇతర చిన్నపిల్లలనుండి వెంటనే వేరుచేయవలెను. పోలీసులకుగాని, 1098 అను బాలల సహాయ నంబరుకుగాని తెలుపవలెను. బిడ్డను ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోవలెను.

బాలుని తల్లిదండ్రులకు వేరుగా ఒక మాట. కొట్టి లాభము లేదు. "మావాడు అట్టివాడు కాడు" అని వాదించియు లాభము లేదు. చేసినదానిని ఒప్పుకొనునట్లు చేయుడు, ప్రేమను మాత్రము ఉపసంహరింపకుడు. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునికి చూపుడు. 14416 అను ఉచిత నంబరులో మనోవైద్య సలహా దొరకును. ఏ యింట ఉంచినను ఆ యింటి పెద్దకు నిజము చెప్పుడు. ఆ ఒక్క నిజము చెప్పియున్నచో ఒక పసిబిడ్డ బాధ తప్పియుండెడిది.

హాని జరుగకముందే చేయవలసినది ఇంకను ఉన్నది. ఆడపిల్లకు "జాగ్రత్త" అని మనము నూరుసార్లు చెప్పుదుము. మగపిల్లవానికి "ఇది చేయరాదు" అని ఒక్కసారియైన చెప్పుదుమా? అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు 6, 7 తరగతుల పిల్లలకొరకే, చిన్నవారితో బాధ్యతగా మెలగుటను నేర్పు పాఠములను రూపొందించినారు. మనకు విశ్వవిద్యాలయము అక్కరలేదు. పండ్రెండేండ్ల కొడుకును తండ్రి చేనిగట్టున ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నీ శరీరంలో మార్పులు వస్తాయి నాయనా, అందులో సిగ్గు లేదు. కాని చిన్నపిల్లలను ఆ విధంగా తాకటం నేరం. వాళ్లు ఊరుకున్నా నేరమే. ఎదిగినవాళ్లయినా వద్దంటే వద్దనే అర్థం. మనసులో అటువంటి తలంపు వస్తే నాతో చెప్పు, నేను కొట్టను" అనిన చాలును. ఆ చివరి మాట మరువకుడు. భయపడి దాచుకొన్న తలంపే ప్రమాదము. రాత్రివేళ సెల్‌ఫోను పిల్లల పడకలో నుండరాదు. చుట్టములు వచ్చినపుడు పెద్దపిల్లలను చిన్నపిల్లలను ఒకే గదిలో తలుపు వేసి పరుండబెట్టరాదు. చిన్నపిల్లలను పెద్దపిల్లవానికి గంటలకొలది ఒంటరిగా అప్పగింపరాదు. ఇది అనుమానము కాదు, జాగ్రత్త. బావికి గట్టు కట్టునది ఎవరో పడినారని కాదు, ఎవరును పడరాదని.

ఈ గ్రంథాలయమునకును నాదొక మనవి. ఇచ్చటి పఠనమందిరమున పిల్లలు చేరుదురు. తలుపులు తెరచియుండవలెను, ఒక పెద్దవారు ఎల్లప్పుడు కనబడుచుండవలెను. తల్లిదండ్రులకొరకు పిల్లల ఎదుగుదలను గూర్చిన పుస్తకములు ఒక బీరువాలో వేరుగా నుంచుడు. సంవత్సరమునకు ఒకటి రెండుమార్లయినను ఒక వైద్యురాలినో, బాలల సంరక్షణ అధికారినో పిలిపించి తల్లులతో, వేరొకనాడు తండ్రులతో మాటలాడింపుడు. గోడమీద 1098 అను అంకెను పిల్లల కంటికందు ఎత్తులో పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. నా ఈ మనవికి కర్చు పది రూపాయల రంగు, కొంత ధైర్యము.

గ్రంథాలయము వెలుగునిచ్చునని ఈ సాయంకాలము పలువురన్నారు. ఇంటిలోని చీకటి మూలకు ఆ వెలుగు ప్రసరింపనిచో ఎన్ని గ్రంథములున్నను నాబోటి హెడ్‌మాస్టరులే తయారగుదురు. పరువు కాపాడితిమని నిద్రించువారు. నేను చేసిన తప్పును మీలో ఎవరును చేయకుందురుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఈ గ్రామములోని ఏ బిడ్డయు తన బాధను తానే మోయవలసిన అవసరము లేకుండునుగాక.